కారమును కొలువవచ్చునా?

మాఘ ఫాల్గుణ మాసములలో అద్దంకి చుట్టుపట్ల నల్లరేగడి గ్రామములలో మిరప కల్లములు నిండుగా నుండును. రైతు ఉదయమే వచ్చి, ఆరబోసిన కాయలలో చేయి పెట్టి, పిడికెడు తీసి చెవి యొద్ద ఆడించును. గింజలు గలగలమన్నచో కాయ ఎండినట్లు లెక్క. ఒక కాయను వంచి చూచును. లోపల పచ్చి మిగిలినది మెత్తగా వంగును, మితిమీరి ఎండినది చేతిలోనే చితికిపోవును. ఆ రెంటికి నడిమి స్థితి వచ్చినదని తోచిన నాడు బస్తాలకు ఎత్తించును. ఆ బస్తాలు, వాడుకలో టిక్కీలు, గుంటూరు మిరపయార్డు చేరిన తరువాత వ్యాపారి వచ్చి గుప్పెడు కాయలు తీసి, రంగు చూచి, తొడిమ చూచి, తాలుకాయ ఎంత పాలున్నదో చూచి, ఒక కాయను విరిచి వాసన పట్టి ధర చెప్పును. ఒక కుటుంబము ఏడాది పొడుగునా పడిన పాటు ఆ కొద్ది నిమిషములలో తేలిపోవును. ఇంత జరిగినను, ధర తప్ప మరియొక అంకె ఎవరి నోటను రాదు.

రైతునకు, వ్యాపారికి తెలిసినది జ్ఞానమేనా? లేక అది అంకెలలోనికి వచ్చువఱకు ఊహ మాత్రమేనా?

ఈ ప్రశ్నకు మిక్కిలి ప్రసిద్ధమైన సమాధానము 1883 మే నెలలో లండనులో వెలువడెను. సివిల్ ఇంజనీర్ల సంస్థలో విద్యుత్తును కొలుచు ప్రమాణములను గూర్చి ఉపన్యసించుచు సర్ విలియం థామ్సన్, అనగా తరువాత లార్డ్ కెల్విన్ అని పేరొందిన శాస్త్రజ్ఞుడు, మాటలాడుచున్న విషయమును కొలిచి సంఖ్యలలో చెప్పగలిగినప్పుడే దానిని గూర్చి కొంత తెలిసినట్లనియు, అట్లు చెప్పలేనప్పుడు ఆ తెలివి కొఱతపడినదే యనియు అభిప్రాయపడెను. ఈ మాట గాలిలోనుండి పుట్టినది కాదు. 1858లో అట్లాంటిక్ సముద్రగర్భమున వేసిన తంతితీగ కొన్ని వారములకే మూగవోయినది. రాగితీగ నిరోధమును, దానిపై కప్పిన పొర యొక్క గుణమును అంగుళమంగుళమునకు కొలిచి వేసిన తరువాతనే, 1866లో, నిలువదగిన తీగ సిద్ధించినది. ఆ పనిలో థామ్సన్ స్వయముగా పాల్గొనెను. ఓడమీద నిలిచి తీగను సముద్రములోనికి దింపినవాడు కొలతను గూర్చి అంత గట్టిగా పలుకుటలో వింత లేదు.

కాని ఆయన మాటను విద్యుత్తు నుండి విడదీసి సమస్త జ్ఞానమునకును వర్తింపజేసినచో ఏమగును? దానిని పరీక్షించుటకు మిరపకాయ కంటె మంచి వస్తువు దొరకదు. కారము కేవలము నాలుకకు తెలియునది. దానికి ఊచ లేదు, తూకపురాయి లేదు.

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఒక మందుల కంపెనీలో పనిచేయుచుండిన విల్బర్ స్కోవిల్ అను ఔషధ శాస్త్రజ్ఞుడు 1912లో దీనికొక ఉపాయము కనిపెట్టెను. మిరపపొడిని సారాయములో నానవేసి, కారమును దానిలోనికి దింపి, ఆ ద్రవమును చక్కెర నీటిలో పలుచన చేయుచు పోయెను. ఐదుగురు రుచి చూచువారు ఉందురు. వారిలో ముగ్గురికైనను కారము తెలియుట మానువఱకు నీరు చేర్చవలెను. ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చినదో ఆ సంఖ్యయే ఆ కాయ యొక్క కారము. కారమునకు అంకె వచ్చినది. కాని ఆ అంకెను ఇచ్చినది ఏది? మరల నాలుకయే. రుచి చూచిన కొలది నాలుక మొద్దుబారును. కారము తినుట అలవాటైన వానికి ఒక అంకె, అలవాటు లేనివానికి మరియొక అంకె వచ్చును. అద్దంకి వారి నాలుకలతో కొలిచిన కాయకు డెట్రాయిట్ లో వచ్చిన సంఖ్యయే వచ్చునని ఎవరును హామీ ఈయలేరు.

తరువాతి కాలమున నాలుకను తప్పించిరి. కారమునకు మూలమైన కాప్సైసిన్, దాని తోబుట్టువులైన మరికొన్ని పదార్థములు కాయలో ఎంతెంత ఉన్నవో క్రొమటోగ్రఫీ అను పద్ధతిచే వేరుచేసి కొలుచుచున్నారు. శుద్ధమైన కాప్సైసిన్ కు స్కోవిల్ మానమున 1 కోటి 60 లక్షల అంకె కలదు. అనగా పదిలక్షల పాళ్ళలో ఒక పాలు కాప్సైసిన్ ఉన్నచో 16 స్కోవిల్ ప్రమాణములు. గుంటూరు సన్నములో కాప్సైసిన్ నూటికి 0.226 పాళ్ళని సుగంధ ద్రవ్యముల బోర్డు పేర్కొనినది. అది పదిలక్షలకు 2,260 పాళ్ళు. 16 చే గుణించిన 36,160 వచ్చును. ఆ కాయకు వ్యాపారములో చెప్పుకొను 35,000 – 40,000 అంకెలతో ఇది సరిపోవుచున్నది. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును.

ఇక్కడ ఒక సంగతిని గుర్తింపవలెను. యంత్రము కొలుచుచున్నది కారమును కాదు, ఒక రసాయన పదార్థము యొక్క పాలును. ఆ పదార్థమే కారమునకు కారణమని తెలిసినది మొదట నాలుకవలన. నాలుక సాక్ష్యము లేనిచో, కాయలోనున్న ఎన్నో పదార్థములలో దేనిని కొలువవలెనో యంత్రమునకు తెలియదు. నోటిలో మంట ఏల పుట్టునన్న ప్రశ్నకు సమాధానము 1997లో డేవిడ్ జూలియస్ బృందము కనుగొనెను: సుమారు 43 డిగ్రీల సెల్సియస్ కు మించిన వేడిని తెలుపు నాడీగ్రాహకమునే కాప్సైసిన్ కూడ తట్టిలేపును. అందుచేతనే కారము రుచిగా కాక మంటగా తోచును. ఈ పరిశోధనకు 2021లో నోబెల్ బహుమానము లభించినది. దానిని నిరూపించుటకు ఎన్నో కొలతలు కావలసి వచ్చినను, తేలిన విషయము మాత్రము ఒక సంఖ్య కాదు. ఇది దీనిని తాకుచున్నదను ఒక సంబంధము.

అంకెలన్నియు ఒక జాతివి కావు. లాం పరిశోధన స్థానము వారి ఎల్.సి.ఎ. 334 అను మిరప రకమును రైతులు ‘త్రీ థర్టీ ఫోర్’ అనియే పిలుతురు. ఈ 334 దేనిని కొలువదు. అది కేవలము పేరు. తాలు వేరు, మొదటి రకము వేరు, రెండవ రకము వేరు అన్నప్పుడు వచ్చు అంకె వరుసను మాత్రమే తెలుపును. మొదటిది రెండవదానికంటె ఎంత మేలో చెప్పదు. ఉష్ణమాపకముపై 20 కంటె 40 ఇరువది డిగ్రీలు ఎక్కువే, కాని 40 డిగ్రీల దినము 20 డిగ్రీల దినమునకు రెట్టింపు వేడి అనుట అర్థము లేని మాట. తూకములో మాత్రమే 40 కిలోలు 20 కిలోలకు నిజముగా రెట్టింపు. ఈ నాలుగు తరగతులను 1946లో ఎస్. ఎస్. స్టీవెన్స్ అను అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విడదీసి చూపెను. దానికి వెనుక ఒక తగవు కలదు. ఇంద్రియానుభవమును కొలుచుట సాధ్యమా అని తేల్చుటకు 1932లో బ్రిటిష్ శాస్త్రాభివృద్ధి సంఘము భౌతిక శాస్త్రజ్ఞులను, మనస్తత్వ శాస్త్రజ్ఞులను కూర్చి ఒక ఉపసంఘము నియమించెను. 1940లో తుది నివేదిక వచ్చువఱకును వారికి ఏకాభిప్రాయము కుదురలేదు. స్కోవిల్ అంకె 36,000 ఉన్న కాయ 18,000 ఉన్న కాయకు రెట్టింపు కాప్సైసిన్ కలది, నిజమే. రెట్టింపు మండునా? ఆ ప్రశ్నకు ఆ అంకె సమాధానము చెప్పదు.

తెలుగులో ‘ప్రమాణము’ అను మాటకు రెండర్థములుండుట గమనింపదగినది. విద్యుత్ ప్రమాణము, పొడవు ప్రమాణము అన్నప్పుడు అది కొలమానము. తర్కశాస్త్రములో ప్రమాణమనగా యథార్థ జ్ఞానమునకు సాధనము: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. మాటకు మూలము ‘కొలుచు’ అను అర్థముగల ధాతువే అయినను, తార్కికులు జ్ఞానమును కొలతకు కుదింపలేదు. తెలుగువాడని ప్రసిద్ధిగల అన్నంభట్టు తన తర్కసంగ్రహమున 24 గుణములను లెక్కించెను. ముందు రూపము, రసము, గంధము, స్పర్శ. ఆ పిమ్మట సంఖ్య, పరిమాణము. సంఖ్య వారికి గుణములలో ఒకటి మాత్రమే. గుణములన్నిటికి తాళపుచెవి కాదు.

ఇక కొలత లేక జరుగని చోటికి వత్తము. అద్దంకి ప్రాంతమున మిరపతో పాటు పత్తి ముఖ్యమైన పంట. భారత పత్తి సంస్థ కనీస మద్దతు ధరకు పత్తి కొనునప్పుడు తేమ నూటికి 8 పాళ్ళకు లోబడిన సరకునకు పూర్తి ధర నిచ్చును. 8 నుండి 12 వఱకు తేమనుబట్టి ధర తగ్గించును. 12 దాటినచో కొనదు. రైతు చేతితో పిసికి పొడిగా నున్నదనుకొనిన పత్తిని మాపకము పదునాలుగన్నచో బండి తిరిగి పోవలసినదే. ఇది అన్యాయముగా తోచవచ్చును. లెక్క చూడుడు. 12 పాళ్ళ తేమగల 100 కిలోల పత్తిలో నీరు 12 కిలోలు, మిగిలినది 88 కిలోలు. అదే పత్తిని 8 పాళ్ళ వఱకు ఎండబెట్టినచో దాని తూకము 95 కిలోల 650 గ్రాములు. అనగా నాలుగు కిలోలకు మించిన నీరు పత్తి ధరకు అమ్ముడుపోవుచుండెను. ఈ తేడాను ఏ చేతివేళ్ళును నమ్మకముగా చెప్పలేవు. ఇచ్చట కెల్విన్ మాటయే నెగ్గినది.

అయితే మాపకమును కూడ నిలదీయవలెను. అది నీటిని తూచదు; పత్తిని అదిమిపెట్టి దానిగుండ విద్యుత్తు పోవుటకు ఎంత అడ్డంకి కలుగుచున్నదో చూచును. తేమ హెచ్చిన కొలది అడ్డంకి తగ్గును. ఎంత బలముగా అదిమిరి, సరకు ఎంత వెచ్చగా నున్నది, బండిలో ఎచ్చట సూదిని గ్రుచ్చిరి అను వానిని బట్టి అంకె మారును. అందుచేత అప్పుడప్పుడు కొంత పత్తిని పొయ్యిగదిలో పూర్తిగా ఎండబెట్టి తూచి, మాపకము సరిగా పలుకుచున్నదో లేదో సరిచూడవలెను. మరియొక చిక్కు కలదు. పైన 12 కిలోల నీటిని 100 కిలోల మొత్తముపై లెక్కించిన 12 పాళ్ళు. దానినే 88 కిలోల ఎండు పత్తిపై లెక్కించినచో 13.6 పాళ్ళు. నూలు పరిశ్రమలో ఈ రెండవ పద్ధతియు వాడుకలో నున్నది. నీరు ఒకటే, అంకెలు రెండు.

పత్తి పోగు సన్నదనమును చెప్పు మైక్రోనేరు అంకెలో ఇంతకంటె లోతైన చిక్కు దాగియున్నది. నిర్ణీతమైన తూకముగల పోగులను ఒక చిన్న గదిలో కుక్కి గాలిని పంపుదురు. పోగులు సన్ననివైనచో వాని ఉపరితలము హెచ్చు, గాలికి దారి తక్కువ, అంకె చిన్నది. సామాన్యముగా 3.5 నుండి 4.9 వఱకు మంచిదని వ్యాపారము. కాని అంకె చిన్నదగుటకు కారణములు రెండు: జాతిచేతనే పోగు సన్ననిది కావచ్చును, లేదా కాయ ముదురకముందే విచ్చినందున పోగు గోడ పలుచగా నుండవచ్చును. మొదటిది మేలిరకపు పత్తి. రెండవది దారములో ఉండలు కట్టును, రంగు సరిగా పట్టదు. ఒకే అంకె ఇన్ని కథలు చెప్పుచున్నప్పుడు, ఏ రకము విత్తినారు, తెగులు తగిలినదా, చివరి తీతదా మొదటి తీతదా అను ప్రశ్నలు వేయు మనిషి అవసరము తీరలేదు.

అంకె ఉన్నంత మాత్రమున జ్ఞానము ఉన్నట్లు కాదనుటకు కెల్విన్ జీవితమే ఉదాహరణము. భూమి మొదట కరిగిన ముద్దగా నుండి చల్లారినదని భావించి, రాళ్ళు వేడిని ప్రసరింపజేయు రేటునుబట్టి, భూమి వయస్సు 2 కోట్ల నుండి 40 కోట్ల సంవత్సరముల లోపుననని 1862లో ఆయన లెక్క కట్టెను. 1897 నాటికి దానిని 2 కోట్లకు 4 కోట్లకు నడుమ ఇరికించెను. పొరలుపొరలుగా పేరిన రాళ్ళను, వానిలోని శిలాజములను చూచిన భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంత తక్కువ కాలము చాలదనిరి. కాని వారి చేతిలో నిక్కమైన అంకె లేదు. కెల్విన్ యొద్ద పూర్వము సహాయకుడుగా నుండిన జాన్ పెర్రీ 1895లో, భూమి లోపల వేడి మరింత సులువుగా కదలగలిగినచో ఈ లెక్క అంతయు తలక్రిందులగునని చూపెను. నేడు భూమి వయస్సు దాదాపు 454 కోట్ల సంవత్సరములని తేలినది. అద్దంకికి దూరము కాని చీమకుర్తిలో తవ్వి తీయుచున్న నల్లరాయి ఒక్కటే నూరు కోట్ల సంవత్సరములకు పైబడినది. గుణితములో పొరపాటు లేదు. గుణించిన భావనలోనే పొరపాటు. అంకె లేనివారు సత్యమునకు చేరువగా నుండిరి.

మిరపచేలో ఇట్టిదే ప్రతిదినము జరుగును. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెవలె ఉన్నచో అది తామరపురుగు పని. క్రిందికి ముడుచుకొనినచో నల్లి పని. రైతులు వీనిని పైముడత, క్రిందిముడత అందురు. పైకా క్రిందికా అనునది కొలత కాదు, సంఖ్య కాదు. అయినను దానినిబట్టియే మందు మారును. నల్లిపై పనిచేయు మందు తామరపురుగుపై చల్లినచో డబ్బు, పంట రెండును పోవును. ముడత ఎటో తెలిసిన పిమ్మటనే ఆకుకు ఎన్ని పురుగులు అను లెక్క వచ్చును.

2021 చివర గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపచేలలో ఈ జ్ఞానము చాలనిదయ్యెను. పూతలో నల్లని సన్నని పురుగులు కుప్పలుగా చేరి, పూవులు మాడి రాలిపోవుచుండెను. పాతకాలపు తామరపురుగు ఆకును ముడిచెడిది, రంగు లేత పసుపు. ఇది వేరు. దీని శాస్త్రనామము థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా దానికి పుట్టినిల్లు. మన దేశమున 2015లో బెంగళూరు వద్ద బొప్పాయిపై ఉన్నట్లు ప్రకటింపబడినది. రైతులు దానిని నల్లతామర అనిరి. అలవాటైన మందులను మోతాదు పెంచి, మరల మరల చల్లినను తగ్గక, పంటను దున్నివేసినవారును కలరు. వారికి ఆ సమయమున కావలసినది మరింత కచ్చితమైన మోతాదు కాదు. ‘ఇది ఏ పురుగు?’ అను ప్రశ్నకు సమాధానము. రంగు, కొమ్ముల కణుపులు, రెక్కపై నూగు, జన్యు పదార్థపు పోలిక వీనిని చూచి నిపుణులు దానిని గుర్తింతురు. గుర్తింపు జరుగనిదే ఎన్ని లెక్కించినను ఏమి లెక్కించుచున్నారో తెలియదు. గుర్తించిన పిమ్మట మాత్రము లెక్క తప్పనిసరి: పూతను తెల్లకాగితముపై దులిపి పురుగులను ఎంచుట, నీలి జిగురట్టలపై పడినవానిని ఎంచుట ఇప్పుడు సలహాలలో చేరినవి.

అద్దంకి పేరు తెలుగు పాఠ్యగ్రంథములలో నిలిచినది పత్తివలన కాదు, మిరపవలన కాదు, పండరంగని శాసనమువలన. తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని విజయములను చెప్పు ఆ రాతిపై తరువోజ పద్యము కలదు. క్రీ.శ. 848 నాటిదని పండితులు నిర్ణయించిరి. తరువోజ పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, మరల మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, మొత్తము ఎనిమిది. గణములను ఎంచినందుననే అది వచనము కాదు, పద్యమని రుజువగును. లిపిని, భాషను, రాజుల వరుసను పోల్చి చూచినందున కాలము తేలును. ఒకే రాయిని చదువుటలో లెక్కయు, పోలికయు చెరిసగము పని చేసినవి. తెలుగు ఉపాధ్యాయులకు ఈ సంగతి కొత్త కాదు.

మరల కల్లమునకు. కాయను ఆడించి, వంచి చూచు రైతు జ్ఞానమునకు ఒక ఎల్ల కలదు. నేలమీద ఆరబోసిన కాయకు మంచు తగిలి, వాన తగిలి, తేమ నిలిచినచో ఆస్పర్జిల్లస్ అను బూజు పట్టును. దాని నుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయపు పుట్టకుంఱుపు వ్యాధికి కారణము. దానికి రుచి తెలియదు, వాసన తెలియదు. పైకి శుభ్రముగా తోచు కాయలోను ఉండవచ్చును. ఐరోపా దేశముల కూటమి మిరపలో దీనికి విధించిన పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు, అనగా ఒక టన్ను కాయలో 10 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పుకంటె తక్కువ. ముప్పది ఏండ్ల అనుభవముగల కన్ను కూడ దీనిని పట్టలేదు. పట్టగలది కొలత ఒక్కటే. అందును, బూజు సరకంతట సమముగా నుండదు. ఒక టిక్కీలో కొద్ది కాయలకే పట్టియుండవచ్చును. మచ్చుకు తీసిన గుప్పెడులో అవి రాకపోయినచో ప్రయోగశాల అంకె ఎంత కచ్చితమైనను ఆ సరకును గూర్చి అది అబద్ధము చెప్పినట్లే. ఎచ్చటెచ్చటనుండి, ఎంతెంత మచ్చు తీయవలెనో నిర్ణయించుటకు సరకు ఎట్లు ఎండినదో, అడుగున తడి తగిలినదో లేదో ఎరిగినవాడు కావలెను. అతడు తరచుగా ఆ కాయను ఆరబోసినవాడే.

ఉన్నత పాఠశాలలో స్కోవిల్ పద్ధతిని మిరపతో కాక ఉప్పుతో చేయించుట క్షేమకరము. ఒక లీటరు త్రాగునీటిలో 10 గ్రాముల ఉప్పు కలుపవలెను. అందులో సగము తీసి అంతే మంచినీరు చేర్చినచో 5 గ్రాముల ద్రావణము, అట్లే 2.5, 1.25, 0.62, 0.31. వీని నడుమ రెండు మూడు గ్లాసుల ఉత్త మంచినీరు కూడ ఉంచి, గ్లాసులకు అడుగున మాత్రమే గుర్తులు వేసి, వరుస మార్చి, ఒక్కొక్క విద్యార్థికి వేరు చెంచాతో రుచి చూపవలెను. ఎవరు ఏ గ్లాసు వద్ద ఉప్పు తెలియలేదనిరో పట్టికలో వ్రాయవలెను. అందరును ఒకే గ్లాసు వద్ద ఆగరు. కొందరు మంచినీటిని ఉప్పనందురు. ఐదుగురు చొప్పున జట్లు చేసి, ముగ్గురి మాటను స్వీకరించు నియమము పెట్టి జట్టుకొక అంకె తేల్పవలెను. మఱునాడు భోజనమైన వెంటనే అదే ప్రయోగమును మరల చేయించి, రెండు పట్టికలను ప్రక్కప్రక్కన గోడకు అంటింపవచ్చును.